ఒక్క అడ్రసు, వంద ఉత్తరాలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు అడిగితే మొదట సంకోచించాను. కథలు, కవితలు నాకు రావు. ఇరవై ఏండ్లుగా నాకు వచ్చిన పని ఒక్కటే. వెబ్‌సైట్లు తయారు చేయడం, అవి గూగుల్‌లో వెతికిన వాళ్లకు కనబడేలా చూడటం. కాబట్టి ఆ పని గురించే రాస్తున్నాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దానివల్ల మన హాస్టల్ తమ్ముడే ఒకతను నష్టపోయాడు. ఇప్పుడు కంప్యూటర్ కోర్సులు చదువుతున్న తమ్ముళ్లు, సొంతంగా ఏదైనా వ్యాపారం పెట్టుకోవాలనుకునే పూర్వ విద్యార్థులు ఇది చదివి జాగ్రత్తపడితే నా రాత సార్థకమైనట్టే.

మాది లక్షెట్టిపేట దగ్గర ఒక చిన్న ఊరు. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. 1999లో పదో తరగతి పాసై, ట్రంకు పెట్టె పట్టుకొని, రాయపట్నం దగ్గర గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల మీదుగా కరీంనగర్ వచ్చాను. బాపు గేటు దాకా వచ్చాడు. ఆయనకు చదువు రాదు. బోర్డు మీద ఏమున్నదో నాతో చదివించుకొని, "మంచిగ యాదికి పెట్టుకో. ఉత్తరం రాయించాలంటే గిదే చెప్పాలె గద" అన్నాడు. ఇంటరు, డిగ్రీ కలిపి ఐదేండ్లు ఆ అడ్రసే నా అడ్రసు.

ఆ రోజుల్లో ఉన్నవాళ్లకు ఉత్తరాల సంగతి గుర్తుండే ఉంటుంది. రాత్రి అన్నం గంట కొట్టగానే ప్లేట్లు పట్టుకొని వరుసలో నిలబడేవాళ్లం. వాచ్‌మన్ తాత ఉత్తరాల కట్ట తెచ్చి ఒక్కొక్క పేరే పిలిచేవాడు. అన్నిటి మీదా ఒకే అడ్రసు. మారేది పై వరుసలో ఉన్న పేరు ఒక్కటే. రాజయ్య పేరుతో ఇద్దరుంటే, "మంథని రాజయ్యా, బెజ్జంకి రాజయ్యా?" అని అడిగి ఇచ్చేవాడు. వంద మందికి ఒక్క అడ్రసు కదా అని ఒకరి మనియార్డరు ఇంకొకరికి పోయింది లేదు.

అయినా ఆ అడ్రసంటే నాకు నామోషీ ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. 2004లో డిగ్రీ చివరి సంవత్సరంలో హైదరాబాద్‌లో ఒక కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. "సాంఘిక సంక్షేమ వసతి గృహం" అని రాస్తే తీసి పక్కన పడేస్తారేమోనని భయపడి, ముకరంపురలో తెలిసినవాళ్ల ఇంటి నంబరు రాశాను. ఇంటర్వ్యూ కార్డు అక్కడికే వచ్చింది. ఆ ఇంటివాళ్లు పెండ్లికి ఊరికి పోయి వారం తర్వాత వచ్చారు. కార్డు నా చేతికి అందేసరికి ఇంటర్వ్యూ అయిపోయి రెండు రోజులైంది. హాస్టల్ అడ్రసే రాసి ఉంటే వాచ్‌మన్ తాత ఆ రాత్రే నా పేరు పిలిచేవాడు. ఈ సంగతి అప్పుడు నేను ఎవరికీ చెప్పలేదు. దాని నుంచి నేర్చుకున్నదీ లేదు. అందుకే ఏడేండ్ల తర్వాత అదే పని కంప్యూటర్ల మీద మళ్లీ చేశాను.

2005లో హైదరాబాద్ పోయి అమీర్‌పేటలో వెబ్ డిజైనింగ్ నేర్చుకున్నాను. మరుసటి ఏడు ఒక చిన్న సంస్థలో పని దొరికింది. కస్టమర్ల వెబ్‌సైట్లను గూగుల్‌లో పైకి తేవడం మా పని. అక్కడ సీనియర్లు మొదటి రోజుల్లోనే చెవిలో వేసిన మాట ఒకటుంది: "ఒకే ఐపీ మీద పది సైట్లు పెడితే గూగుల్ కిందికి తోస్తది. వేర్వేరు ఐపీలు కొని పెడితే పైకొస్తయి." అందరూ అంటున్నారు గనుక నేనూ నమ్మాను.

ఐపీ అంటే ఏమిటో తెలియని తమ్ముళ్ల కోసం రెండు మాటలు చెప్తాను. ఇంటర్నెట్‌కు కలిసిన ప్రతి సర్వరుకూ ఒక నంబరు ఉంటుంది. పాత పద్ధతిలో అది నాలుగు గుంపుల అంకెలు, ఒక్కొక్క గుంపు 0 నుంచి 255 వరకు. మన ఇంటి నంబరు లాంటిదే. ఈ లెక్కన మొత్తం వచ్చే నంబర్లు సుమారు 430 కోట్లు. ప్రపంచంలోని సైట్లకు, కంప్యూటర్లకు, ఫోన్లకు అవి సరిపోవు. ప్రపంచం మొత్తానికీ వీటిని పంచే సంస్థ దగ్గరున్న చివరి కట్టలు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. అందుకే ఒకే సర్వరు మీద, ఒకే ఐపీ మీద వందల సైట్లు నడుస్తాయి. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 పద్ధతి ప్రకారం, మన కంప్యూటరు ఒక పేజీ అడిగినప్పుడు ఏ సైటు కావాలో ఆ పేరు కూడా చెప్పాలి. సర్వరు ఆ పేరు చూసి ఆ సైటు పేజీనే ఇస్తుంది. అంటే మన వాచ్‌మన్ తాత పనే అది చేస్తున్నది. అడ్రసు ఒక్కటే, పేర్లు వేరు.

మరి గూగుల్ ఏమంటున్నది? 2003లోనే ఆ సంస్థ టెక్నాలజీ డైరెక్టర్ క్రెయిగ్ సిల్వర్‌స్టీన్ ఈ ప్రశ్నకు సమాధానం ఇచ్చాడు. ఉమ్మడి ఐపీ మీదున్న సైట్లను, వాటి లింకులను, సొంత ఐపీ ఉన్న సైట్లలాగే చూస్తామన్నాడు. 2006లో అదే సంస్థ ఇంజనీరు మాట్ కట్స్ ఇది అపోహ అంటూ మళ్లీ రాశాడు. నేను ఉద్యోగంలో చేరిన ఏడే అది. మా సంస్థలో ఎవ్వరూ దాన్ని చదివినట్టు లేదు, నేనూ చదవలేదు.

అయితే ఆ పుకారు ఊరికే పుట్టలేదు. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ పద్ధతిని వివరించినప్పుడు, ఒక సైటు నుంచి ఇంకో సైటుకు ఇచ్చే లింకును ఒక రకమైన సిఫారసుగా లెక్కగట్టారు. సిఫారసు అనగానే దొంగ సిఫారసులు కూడా వస్తాయి కదా. నేనే పది సైట్లు పెట్టి, పదింటి నుంచీ నా పదకొండో సైటుకు లింకు ఇచ్చుకుంటే? ఆ కాలంలోనే కృష్ణ భరత్, జార్జ్ మిహైలా అనే ఇద్దరు పరిశోధకులు 'హిల్‌టాప్' అనే పద్ధతి రాశారు. ఐపీ నంబరులో మొదటి మూడు గుంపులు కలిస్తే ఆ రెండు సైట్లనూ ఒక్క ఇంటివాళ్ల కిందే లెక్కపెట్టాలని అందులో ఉన్నది. ఈ కృష్ణ భరతే తర్వాత గూగుల్ న్యూస్‌ను తయారు చేసిన మనిషి.

ఊళ్లో పంచాయితీకి కూర్చున్నప్పుడు పెద్దమనుషులు ఏం చేస్తారు? అన్నదమ్ములు ఇద్దరు సాక్ష్యం చెప్తే దాన్ని ఒక్క సాక్ష్యం కిందే తీసుకుంటారు. పక్క వాడకట్టు మనిషి వచ్చి చెప్తే దానికి బరువెక్కువ. హిల్‌టాప్‌లో ఉన్నది కూడా ఇదే న్యాయం. అది సాక్షుల గురించి చెప్పిన మాట. అంతేగాని నువ్వు ఉమ్మడి ఇంట్లో ఉన్నావు గనుక నీ విలువ తక్కువ అని అందులో లేదు. కానీ మా లైన్‌లో ఉన్నవాళ్లు దాన్ని తిరగేసి అర్థం చేసుకున్నారు. అన్నదమ్ములకే వేర్వేరు వాడకట్టుల్లో ఇండ్లు కిరాయికి తీసుకొని, "వీళ్లు ఒకరికొకరు తెలియదు" అని చెప్పించడం మొదలుపెట్టారు. వేర్వేరు ఐపీలు అమ్మే వ్యాపారమంతా దీని మీదే నడిచింది.

ఇప్పుడు నా తప్పు సంగతికి వస్తాను.

2011లో మన హాస్టల్‌లో నాకు జూనియరైన తమ్ముడొకతను నిర్మల్ నుంచి ఫోన్ చేశాడు. అక్కడి కళాకారుల దగ్గర కొయ్యబొమ్మలు కొని, వెబ్‌సైటు పెట్టి బయటి ఊర్లకు అమ్మాలని అతని ఆలోచన. పొనికి కర్రతో చెక్కి, చింతగింజల పిండితో అతుకులు సరిచేసి, రంగులు వేసే ఆ బొమ్మలంటే అతనికి చిన్నప్పటి నుంచి ప్రాణం. చేతిలో ఉన్నది ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బు. "అన్నా, నీకు తెలిసిన పని గద. నువ్వు ఎట్ల చెప్తె అట్ల చేస్త" అన్నాడు.

నేను చెప్పింది ఇదీ. అసలు సైటు ఒకటి, దానికి సిఫారసు చేసే సైట్లు ఐదు, మొత్తం ఆరింటికీ ఆరు వేర్వేరు ఐపీలు. పేర్లకు, హోస్టింగుకు, ఐపీలకు కలిపి ఏడాదికి 21,000 రూపాయలు అయ్యింది. ఆ ఐదు సైట్లలో ఏమున్నది? పర్యాటకం గురించి, పిల్లల ఆటవస్తువుల గురించి నేనే రాత్రిళ్లు కూర్చొని రాసిన ఇంగ్లీషు పేజీలు. ఒకటే విషయం తిప్పి తిప్పి రాశాను. ప్రతి పేజీ చివరా తమ్ముడి సైటుకు లింకు.

ఆ ఏడే ఫిబ్రవరిలో అమెరికాలో జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ సంగతి న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. సంబంధం లేని వేల పేజీల నుంచి ఆ సంస్థ సైటుకు లింకులున్నాయి. గూగుల్ దాన్ని కిందికి దించేసింది. అది నేను చదివాను. పెద్దోళ్ల సంగతి, మనలాంటి చిన్నవాళ్లను ఎవరు చూస్తారులే అనుకున్నాను.

మొదట్లో పని బాగానే నడిచింది. ఐదో పేజీలో ఉన్న సైటు మూడు నెలల్లో మొదటి పేజీకి వచ్చింది. ఆర్డర్లు మొదలయ్యాయి. తమ్ముడు ధైర్యం చేసి కళాకారులకు 40,000 రూపాయల అడ్వాన్సు ఇచ్చి బొమ్మలు చేయించాడు. అంత డబ్బు అతను అంతకు ముందెన్నడూ ఒకేసారి లెక్కపెట్టి ఎరుగడు. అప్పట్లో నేను అదంతా ఐపీల మహిమే అని నలుగురికీ చెప్పుకున్నాను.

2012 ఏప్రిల్ 24న గూగుల్ 'పెంగ్విన్' అనే మార్పు తెచ్చింది. దొంగ లింకుల మీద దెబ్బ అది. ఇంగ్లీషు వెతుకులాటల్లో సుమారు 3.1 శాతం మీద దాని ప్రభావం ఉంటుందని గూగులే చెప్పింది. వారం తిరగకుండానే తమ్ముడి సైటు కనబడకుండా పోయింది. ఇరవై పేజీలు తిప్పినా లేదు. మే నెలలో ఒక్క ఆర్డరూ రాలేదు.

నేను నిర్మల్ పోయాను. అతని అద్దె గదిలో మంచం కింద, అల్మారాలో, కిటికీ మీద అన్నీ బొమ్మలే. పండ్లు, పక్షులు, గంపలు మోసే ఆడవాళ్లు. అతను తిట్టలేదు. చాయ్ తెప్పించాడు. ఆరు ఐపీలు ఉన్నా గూగుల్ ఎట్ల పట్టుకున్నదో అర్థం కావడం లేదని నేను అంటే, అతను మెల్లగా అన్నాడు. "అన్నా, ఆరు ఇండ్లు కిరాయికి తీసుకున్నం. ఆరింట్ల మనమే కూసున్నం. ఒక్కటే మాట మాట్లాడుతున్నం. ఆళ్లకు తెలువదా?"

నిజమే. ఐదు సైట్ల రాత ఒక్కటే, డిజైను ఒక్కటే, పుట్టిన వారం ఒక్కటే, లింకులన్నీ పోయేది ఒక్క చోటికే. అడ్రసులు మార్చాను గాని మనిషిని మార్చలేదు. తిరుగు బస్సులో నాకు ముకరంపుర ఇంటి నంబరు గుర్తుకొచ్చింది.

ఆ తర్వాత నేను రెండు పనులు చేశాను. మొదటిది, ఆ ఐదు సైట్లనూ పూర్తిగా తీసేశాను. రెండోది, నా మనసులోని అనుమానం తీర్చుకోవడానికి ఒక పరీక్ష పెట్టాను. నా చేతిలో అప్పుడు వేరే ఒక మామూలు సైటు ఉండేది. దొంగ లింకులు లేనిది, ఉమ్మడి ఐపీ మీద నడిచేది. పేజీల్లో ఒక్క అక్షరం మార్చకుండా దానికి సొంత ఐపీ కొని మూడు నెలలు ఉంచాను. స్థానం మారలేదు. మళ్లీ ఉమ్మడి ఐపీకి తెచ్చి మూడు నెలలు చూశాను. అప్పుడూ మారలేదు. ఒక్క సైటుతో చేసింది శాస్త్రం కాదు. కానీ 2003లో, 2006లో గూగుల్ వాళ్లు చెప్పినదానికి, నా కండ్ల ముందు జరిగినదానికి తేడా లేదు.

తమ్ముడి సైటును తిరిగి నిలబెట్టడానికి కూర్చున్నప్పుడు అసలు లోపం బయటపడింది. సైటులో ఉన్న కొద్దిపాటి తెలుగు కూడా పాత ఫాంటులో ఉన్నది. పైకి తెలుగు అక్షరాల్లా కనబడుతుంది గాని లోపల అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు ఉంటాయి. "నిర్మల్ బొమ్మలు" అని తెలుగులో వెతికినవాడికి ఆ పేజీ ఏ జన్మకూ దొరకదు. ఆ రోజుల్లో తెలుగు సైట్లు చాలావాటికి ఉన్న జబ్బే ఇది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నది, విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పటి నుంచి మామూలు కంప్యూటర్లలోనూ కనబడింది. నేను ఐపీల వెంట తిరిగాను గాని, రాసిన అక్షరం యంత్రానికి చదవ వస్తున్నదా అని చూడలేదు.

తమ్ముడు రోజూ సాయంత్రం కళాకారుల ఇండ్లకు పోయి కూర్చున్నాడు. కర్ర ఎట్ల కోస్తారు, లప్పం ఎట్ల కలుపుతారు, రంగు ఎన్ని పూతలు వేస్తారు, ఒక్క బొమ్మకు ఎన్ని రోజులు పడుతుంది, అన్నీ అడిగి తెలుగులో, ఇంగ్లీషులో రాశాడు. ఫొటోలు తీసి పెట్టాడు. కుంటాల జలపాతానికి వచ్చిన పర్యాటకుడొకాయన నిర్మల్‌లో ఆగి, తన ప్రయాణం గురించి రాసుకుంటూ ఆ పేజీకి లింకు ఇచ్చాడు. ఒక టీచరమ్మ పిల్లల పాఠం కోసం ఇచ్చింది. మేము అడుగనే లేదు. ఏడాదిన్నర దాటాక సైటు మళ్లీ మొదటి పేజీలో కనబడింది. గూగుల్ ఎన్నో సంగతులు చూస్తుంది గనుక ఫలానా దానివల్లే వచ్చిందని నేను ఒట్టేసి చెప్పను. ఒక్కటి మాత్రం చెప్పగలను. అప్పుడు ఆ సైటు వందలాది సైట్లతో కలిసి ఒకే ఉమ్మడి ఐపీ మీద ఉన్నది.

21,000 రూపాయలు నేను నెలకు 1,500 చొప్పున అతనికి తిరిగి ఇచ్చాను. వద్దన్నాడు. తీసుకోకపోతే హాస్టల్‌కు మళ్లీ మొఖం చూపించలేనన్నాను. గదిలో మిగిలిన బొమ్మలు అమ్ముడుపోవడానికి మాత్రం రెండు దసరాలు పట్టింది. ఆ రెండేండ్ల అతని దిగులును నేను తీర్చలేకపోయాను.

ఇప్పటికీ వేర్వేరు ఐపీలు అమ్మేవాళ్లు ఉన్నారు గనుక, తమ్ముళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి చెప్తాను. ఉమ్మడి ఐపీ మీద ఉన్నంత మాత్రాన స్థానం పడిపోదు. సొంత ఐపీ కొన్నంత మాత్రాన పెరగదు. ఒకప్పుడు తాళం గుర్తు వచ్చే భద్రత కావాలంటే సొంత ఐపీ తీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఒకే ఐపీ మీద ఎన్ని సైట్లకైనా ఆ భద్రత పెట్టుకోవచ్చు, ఉచితంగానూ దొరుకుతుంది. పెద్ద పెద్ద సైట్లు కూడా ఇప్పుడు ఉమ్మడి ఐపీల వెనుకనే నడుస్తున్నాయి.

అయితే హోస్టింగు ఏదైనా ఒకటే అనుకోవద్దు. ఒక గదిలో ఎక్కువ మందిని కుక్కితే ఎవరికీ నిద్ర పట్టనట్టు, ఒక సర్వరు మీద లెక్కకు మించి సైట్లు పెడితే అన్నీ నెమ్మదిస్తాయి. సైటు వేగాన్ని 2010 నుంచి గూగుల్ ఎంతోకొంత లెక్కలోకి తీసుకుంటున్నది. అలాగే ఒకే ఐపీ నుంచి పక్కవాడు చెత్త మెయిళ్లు పంపితే, మన మెయిళ్లు కూడా అవతలివాళ్లకు చేరకపోవచ్చు. అటువంటప్పుడు మంచి హోస్టింగుకు మారండి. మారాల్సింది ఆ ఇబ్బంది తీర్చుకోవడానికే గాని, ఒక్కరమే పది మందిలా కనబడటానికి కాదు.

గత సంక్రాంతికి ఊరికి పోతూ హాస్టల్ దగ్గర ఆగాను. వరండాలో ఒక తమ్ముడు లాప్‌టాప్‌లో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతున్నాడు. చిరునామా దగ్గరికి రాగానే ఆగి, నా దిక్కు చూసి, "అన్నా, హాస్టల్ అడ్రస్ రాస్తే ఏమన్న అయితదా?" అని అడిగాడు.

యంత్రం సంగతి వేరు, మనుషుల సంగతి వేరు. అడ్రసు చూసి మనిషిని తక్కువగా చూసేవాళ్లు లోకంలో లేరని నేను అతనికి అబద్ధం చెప్పలేదు. ముకరంపుర సంగతి చెప్పాను, అంతవరకు ఎవ్వరికీ చెప్పనిది. విని కొంచెంసేపు ఊరుకున్నాడు. తర్వాత హాస్టల్ పేరు పూర్తిగా, పొట్టి అక్షరాలు లేకుండా టైపు చేశాడు. పిన్‌కోడ్ మరిచిపోతే నేనే అందించాను.

— ఒక పూర్వ విద్యార్థి, 1999–2004